అసెట్టో కోర్సాలో బీఎండబ్ల్యూ ఎం3 ఈ30 గ్రూప్ ఏ కారును దారికి తెచ్చుకోవడం ఎలా

1987లో జర్మన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ డీటీఎంను బెల్జియం డ్రైవర్ ఎరిక్ వాన్ డ పూల్ గెలిచాడు. ఆ సీజన్‌లో అతను ఒక్క రేసు కూడా గెలవలేదు. ముందువరసలో ముగిస్తూ, పాయింట్లు పోగేసుకుంటూ పోయాడు. సీజన్ అయ్యాక లెక్క చూస్తే పైన అతనే ఉన్నాడు. నడిపిన కారు బీఎండబ్ల్యూ ఎం3, ఈ30 తరం. అదే ఏడు రాబర్టో రవాలియా ఇదే కారుతో ప్రపంచ టూరింగ్ కార్ టైటిల్ అందుకున్నాడు, జిమ్ రిచర్డ్స్ ఆస్ట్రేలియా టైటిల్ కొట్టాడు. 1989లో డీటీఎం కూడా రవాలియాదే.

అసెట్టో కోర్సా అనే కార్ రేసింగ్ గేమ్‌లో ఉన్నది ఈ కారు గ్రూప్ ఏ రేసు రూపం, 1992 నాటిది. పేరు చూసి ఉత్సాహంగా ఎక్కినవాళ్లలో చాలామంది రెండో మలుపులోనే గిర్రున తిరిగి, నాలుగు ల్యాప్‌లయ్యాక జీటీ3 అనే ఈ కాలపు తరగతి రేసు కారుకి వెళ్లిపోతారు. అది కారు తప్పు కాదు. జీటీ3 కారు మీ తొందరను ఎలక్ట్రానిక్స్‌తో కప్పిపుచ్చుతుంది, ఇది కప్పిపుచ్చదు. వాన్ డ పూల్ టైటిల్ ఎలా గెలిచాడో ఈ కారును నేర్చుకోవాల్సిన పద్ధతీ అదే. ముందు పోగొట్టుకోవడం ఆపాలి, వేగం సంగతి తర్వాత. కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. ముఖ్యంగా సెటప్ మెనూ జోలికి ఇప్పుడే పోకండి.

1. ముందు కారు గురించి నాలుగు ముక్కలు తెలుసుకోండి

గ్రూప్ ఏ నిబంధన ప్రకారం ఏ కారైనా రేసులోకి రావాలంటే దాని రోడ్డు రూపాన్ని ఏడాదిలో 5,000 తయారుచేయాలి. అంటే ఎం3ని రేసు కోసమే ముందుగా ఆలోచించి, ఆ తర్వాత షోరూమ్‌కి పంపారు. ఉబ్బిన ఫెండర్లు, ఎత్తైన డిక్కీ మూత, వాలు మార్చిన వెనక అద్దం, ఇవన్నీ గాలిని వెనక రెక్క మీదికి సరిగ్గా పంపడానికీ వెడల్పు టైర్లకు చోటివ్వడానికీ పెట్టినవే.

ఇంజిన్ పేరు ఎస్14. పాల్ రోషె బృందం తయారుచేసిన నాలుగు సిలిండర్ల, 16 వాల్వ్‌ల ఇంజిన్. మొదట 2,302 సీసీ. 1990లో 600 కార్లు మాత్రమే వచ్చిన స్పోర్ట్ ఎవల్యూషన్‌తో 2,467 సీసీకి పెరిగింది. టర్బో లేదు. 1987లో రేసు ఇంజిన్ దాదాపు 300 హార్స్‌పవర్ ఇచ్చేది, 1992 నాటికి అది 350 దాటింది. కారు బరువు టన్ను అటూ ఇటూ.

ఇందులో మీకు పనికొచ్చే విషయాలు రెండే. ఒకటి, పవరంతా టాకోమీటర్ (ఇంజిన్ తిరిగే వేగం చూపే మీటర్) పై భాగంలోనే ఉంటుంది. ఆర్పీఎం పడిపోయిందా, ఇంజిన్ నిద్రపోతుంది, మళ్లీ లేవడానికి టైం పడుతుంది. రెండు, ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలను. బరువు ముందుకీ వెనక్కీ కదిలితే దాని ప్రభావం ఆ చక్రాల మీద వెంటనే కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఎం3కి పోటీగా ఉన్న ఫోర్డ్ సియెర్రా ఆర్‌ఎస్500కి టర్బో ఉండేది, స్ట్రెయిట్‌లో ఎం3 దాని ముందు నిలిచేది కాదు. అయినా గెలిచింది అంటే మలుపుల్లో వేగం వదులుకోలేదు గనక, టైర్లనూ బ్రేకులనూ చివరిదాకా కాపాడుకుంది గనక.

2. సెట్టింగ్స్ సరిచేసుకోండి

రియలిజం పేజీలో స్టెబిలిటీ కంట్రోల్‌ను సున్నాకి దించండి. అది ఎంత ఉంటే అంత మేర కారు మీకు అబద్ధం చెబుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేయండి. ఏబీఎస్ కూడా నేర్చుకునేటప్పుడు ఆఫ్‌లోనే ఉంచండి. తర్వాత ఆన్‌లైన్ రేసుల్లో సర్వర్ ‘ఫ్యాక్టరీ’ అని పెడితే అసలు కారుకి ఏముందో గేమ్ అదే ఇస్తుంది, దానికి అలవాటు పడటం పెద్ద కష్టం కాదు.

ఐడియల్ లైన్‌ను, అంటే రోడ్డు మీద దారి చూపించే రంగుల గీతను, కొత్త ట్రాక్‌లో మొదటి నాలుగైదు ల్యాప్‌లకు వాడుకోండి, తర్వాత తీసేయండి. అది ఉన్నంతసేపు కళ్లు రోడ్డు మీది రంగుల మీదే ఉంటాయి, మలుపు చివర ఎక్కడుందో చూడవు.

టైర్ బ్లాంకెట్స్ ఆన్ చేయొచ్చు, మొదటి ల్యాప్‌లోనే చల్లటి టైర్లతో తిప్పలు తప్పుతాయి. మెకానికల్ డ్యామేజ్ మాత్రం కొంతైనా ఉంచండి. తప్పు గేర్‌కి దించితే ఇంజిన్ దెబ్బతింటుందన్న భయం ఉంటేనే చెయ్యి అదుపులో ఉంటుంది. ట్రాక్ పరిస్థితిని ‘ఫాస్ట్’ అని పెట్టి ఇక మార్చకండి. నిన్నటి టైముకీ ఇవాళ్టి టైముకీ పోలిక కుదరాలి కదా.

స్టీరింగ్ వీల్ ఉంటే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (వీల్ మీ చేతులకు తిరిగి ఇచ్చే బలం) మరీ గట్టిగా పెట్టుకోకండి. బలం ఎక్కువైతే చేతులకు అలుపొస్తుంది, చిన్న చిన్న సంకేతాలు ఆ బరువు కింద పోతాయి. వెనక భాగం జారబోయే ముందు స్టీరింగ్ ఒక్కసారి తేలికపడుతుంది. అది మీకు తెలియాలి, అంతే చాలు. గేమ్‌ప్యాడ్ అయితే స్టీరింగ్ స్పీడ్ తగ్గించి, ఫిల్టర్ పెంచండి. ఈ కారుకి స్టిక్‌ను ఒక్కసారిగా పక్కకి నెట్టే అలవాటు పనికిరాదు.

కెమెరా కారు లోపల పెట్టి, ఎఫ్‌ఓవీ (తెర మీద కనిపించే చూపు వెడల్పు) తగ్గించండి. మొదట ఇరుకుగా అనిపిస్తుంది. కానీ దూరాలు అసలు కొలతల్లో కనిపిస్తాయి, బ్రేక్ ఎక్కడ వేయాలో అప్పుడే కుదురుతుంది.

3. చిన్న ట్రాక్ మీద మొదలుపెట్టండి

నేరుగా స్పా, నూర్‌బర్గ్‌రింగ్ లాంటి పొడవాటి ట్రాక్‌లకి వెళ్లకండి. మజియోనే ఎంచుకోండి. ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో ఉన్న ఈ ట్రాక్ పొడవు రెండున్నర కిలోమీటర్లు. మలుపు తప్పితే కాసేపట్లోనే మళ్లీ అదే మలుపు వస్తుంది. ఏడు కిలోమీటర్ల స్పాలో ఒక మలుపును పదిసార్లు సాధన చేయాలంటే అరగంట పోతుంది.

ప్రాక్టీస్ మోడ్‌లో, ట్యాంకు సగం కన్నా తక్కువ నింపి బయల్దేరండి. టైర్ల లిస్టులో మరీ సాఫ్ట్‌ది కాకుండా దాని తర్వాతిది తీసుకోండి. టైర్స్ యాప్‌ను తెర మీద ఓ మూలన తెరిచి ఉంచండి. నీలం అంటే టైరు ఇంకా చల్లగా ఉంది, ఎరుపు అంటే కాలిపోతోంది, మధ్యలో ఆకుపచ్చ రావాలి. నాలుగు టైర్లూ ఆకుపచ్చకి వచ్చేదాకా ఏ మలుపులోనూ వేగం పెంచకండి.

ఇప్పుడు పది ల్యాప్‌లు. మొదటి లక్ష్యం టైమ్ కాదు. పదింటిలో అన్నిటికన్నా మంచి ల్యాప్‌కీ, అన్నిటికన్నా చెత్త ల్యాప్‌కీ తేడా ఎంతో చూసుకోండి. మజియోనేలో ఆ తేడా ఒక సెకను లోపలికి వచ్చేదాకా ఇక్కడే ఉండండి. ఇది విసుగు పుట్టించే పని, నిజమే. కానీ ఈ అంకె తగ్గకుండా సెటప్ మార్చినా, ట్రాక్ మార్చినా, ఏ మార్పు మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో మీకు ఎప్పటికీ తెలియదు.

4. మలుపు మధ్యలో ఏం చేయాలో ముందు నేర్చుకోండి

చాలామంది బ్రేకింగ్‌తో మొదలుపెడతారు. ఈ కారుకి నేను మలుపు మధ్యభాగంతో మొదలుపెట్టమంటాను. ఎందుకంటే స్పిన్‌లలో ఎక్కువ భాగం ఇక్కడ జరుగుతాయి. జరిగే తీరు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే.

మలుపులోకి కాస్త ఎక్కువ వేగంతో వస్తారు. కారు బయటికి జరుగుతోందనిపిస్తుంది. భయపడి కాలు థ్రాటిల్ (యాక్సిలరేటర్) మీది నుంచి ఒక్కసారిగా తీసేస్తారు. బరువంతా ముందు చక్రాల మీదికి వచ్చిపడుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ ఇంకా తిరిగే ఉంది. ఇక వెనక భాగం ముందుకు రావడమే తరువాయి. నిండు బకెట్ పట్టుకుని నడుస్తూ ఠక్కున ఆగితే నీళ్లు ఎటు పోతాయో ఇక్కడ బరువూ అటే పోతుంది.

మరి ఏం చేయాలి? వేగం ఎక్కువైందని తెలిసినప్పుడు థ్రాటిల్‌ను పూర్తిగా వదలకండి, కొద్దిగా తగ్గించండి. స్టీరింగ్‌ను ఇంకా తిప్పకండి, పట్టుకున్న కోణంలోనే ఆపండి. ఓ క్షణం ఓపిక పట్టండి. ముందు టైర్లు మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటాయి, కారు లోపలికి వస్తుంది. లైన్ కాస్త వెడల్పవుతుంది, పావు సెకను పోతుంది. స్పిన్‌తో పోలిస్తే అది లాభమే.

దీన్ని కావాలని సాధన చేయండి. మజియోనేలో ఏదైనా పొడవాటి మలుపు తీసుకుని, మధ్యలో థ్రాటిల్‌ను సగం దగ్గర నిలిపి, అక్కడి నుంచి కొద్దిగా తగ్గిస్తూ, కొద్దిగా పెంచుతూ చూడండి. తగ్గిస్తే కారు ముక్కు లోపలికి తిరుగుతుంది, పెంచితే బయటికి పోతుంది. అంటే ఈ కారుని కుడికాలితో కూడా తిప్పొచ్చు. ఈ ఒక్క సంగతి కాలికి అర్థమైన రోజు మిగతా కారంతా తేలికవుతుంది.

వెనక భాగం నిజంగానే జారితే జారిన వైపుకే స్టీరింగ్ తిప్పండి, కానీ వెంటనే తిరిగి తీసుకురావడానికి సిద్ధంగా ఉండండి. మొదటి జారుడులో కార్లు అంతగా పోవు, రెండో వైపు ఊగినప్పుడు పోతాయి. ఇలా తిప్పిన కౌంటర్ స్టీర్‌ను ఎక్కువసేపు పట్టుకుని ఉంటే టైర్లకు పట్టు దొరికిన క్షణంలో కారు అటువైపు విసిరేస్తుంది. చూపు గోడ మీద కాకుండా మీరు వెళ్లాల్సిన చోట ఉండాలి. చేతులు చూపు వెనకే వెళ్తాయి.

బయటికి వచ్చేటప్పుడు ఒకటే లెక్క. స్టీరింగ్ ఎంత విప్పితే థ్రాటిల్ అంత తెరవాలి. స్టీరింగ్ ఇంకా సగం తిరిగి ఉండగా కాలు అడుగుదాకా నొక్కితే వెనక టైర్లు ఊరికే తిరిగి వేడెక్కుతాయి. అది ఒక మలుపుతో పోదు. నాలుగు ల్యాప్‌లు అలా నడిపితే టైర్ ఎరుపుకెక్కి, మిగతా రేసంతా వెనక భాగం మీ మాట వినదు. ఎం3 ఫొటోల్లో లోపలి ముందు చక్రం గాలిలో తేలుతూ కనిపించడం చూసే ఉంటారు. అది సరిగ్గా ఈ దశలోనే, బరువు వెనకా బయటి పక్కా కుదురుగా కూర్చున్నప్పుడు వచ్చే దృశ్యం. గేమ్ రీప్లేలో మీ చక్రం కూడా అలా లేస్తుంటే కంగారు పడాల్సిన పనిలేదు.

5. ఇప్పుడు బ్రేకులు

ఏబీఎస్ లేని కారులో ముందు చక్రాలు లాక్ అయితే, అంటే తిరగడం ఆగిపోతే, స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది. విరుగుడు బ్రేక్ కొద్దిగా వదలడమే. కానీ మెదడు సరిగ్గా దానికి వ్యతిరేకం చెబుతుంది, ఇంకా నొక్కమంటుంది. అందుకే మొదట పది, పదిహేను మీటర్లు ముందే బ్రేక్ వేసి, లాక్ కాకుండా ఎంత గట్టిగా నొక్కగలరో కనిపెట్టండి. నొక్కడం చకచకా ఉండాలి, తన్నినట్టు ఉండకూడదు. ముందు టైర్ల మీదికి బరువు చేరడానికి రవ్వంత సమయం ఇస్తే అవి ఇంకా ఎక్కువ బ్రేక్ తట్టుకుంటాయి.

తర్వాతి మెట్టు ట్రెయిల్ బ్రేకింగ్. మలుపులోకి తిరుగుతూనే బ్రేక్‌ను కొంచెం కొంచెం వదులుతూ పోవడం. స్టీరింగ్ పెరిగేకొద్దీ బ్రేక్ తగ్గాలి, ఎపెక్స్ (కారు మలుపు లోపలి అంచుకి బాగా దగ్గరయ్యే చోటు) దగ్గరికి వచ్చేసరికి సున్నా కావాలి. ముక్కు మీద కాస్త బరువుండటంతో ఎం3 ఆనందంగా తిరుగుతుంది. ఎక్కువసేపు పట్టుకుంటే మాత్రం వెనక భాగం ముందుకు వస్తుంది. అలా జరిగితే బ్రేక్ బయాస్‌ను (ముందు, వెనక చక్రాల మధ్య బ్రేక్ బలం పంపకాన్ని) ఒకటి రెండు శాతం ముందుకి జరపండి. సెటప్‌లో ఈ దశలో మీకు అనుమతి ఉన్న మార్పు ఇదొక్కటే.

6. గేర్లు

యూరప్‌లో అమ్మిన రోడ్డు ఎం3కి డాగ్‌లెగ్ గేర్‌బాక్స్ ఉండేది, ఫస్ట్ గేర్ ఎడమ కిందికి. అలా చేయడంలో ఉద్దేశం, ఎక్కువగా వాడే సెకండ్, థర్డ్ ఒకే గీతలో పడాలని. షిఫ్టరూ, క్లచ్ పెడలూ మీ దగ్గరుంటే ఈ కారుకి వాడండి, దీని సగం సరదా అక్కడే ఉంది. లేకపోతే ప్యాడిల్స్‌తో నడపండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఆటో బ్లిప్‌ను (గేర్ దించేటప్పుడు గేమే థ్రాటిల్ తట్టే సౌకర్యాన్ని) మాత్రం మొదటి రోజుల్లో ఉంచుకుని, మడమతో థ్రాటిల్ తట్టడం వచ్చాక తీసేయండి.

గేర్ దించడంలో తొందర వద్దు. బ్రేక్ వేసిన వెంటనే దించితే ఇంజిన్ మితిమీరి తిరుగుతుంది, వెనక చక్రాలు ఒక్క క్షణం లాక్ అవుతాయి, బ్రేకింగ్‌లోనే స్పిన్ అవుతారు. ముందు బ్రేకుతో వేగం తగ్గనివ్వండి, తర్వాత గేర్. ఏ మలుపులో సెకండా, థర్డా అన్న అనుమానం వస్తే పై గేరునే ముందు ప్రయత్నించండి. కారు మరీ నిద్రపోతుంటేనే కిందిది.

7. ముజెల్లోకి వెళ్లండి

మజియోనే చేతికొచ్చాక తర్వాతి బడి ముజెల్లో. 5.245 కిలోమీటర్లు, 15 మలుపులు. కొండ మీద ఎత్తుపల్లాలతో సాగే ట్రాక్ కాబట్టి బరువు కదలిక ఇక్కడ బాగా తెలుస్తుంది.

స్ట్రెయిట్ చివర ఓ చిన్న మిట్ట ఉంది. దాని మీద కారు తేలికపడుతుంది. అది దిగి, కారు కుదురుకున్నాకే బ్రేక్. తర్వాత సాన్ డొనాటో, ఎక్కుడు దారిలో కుడి మలుపు. ఎక్కుడు మీకు సాయం చేస్తుంది, కాబట్టి ధైర్యంగా తిరగొచ్చు. లూకో, పోజో సెక్కో జంటలో మొదటిదాన్ని కాస్త త్యాగం చేసి రెండోదాని నుంచి బాగా బయటపడండి. మతెరస్సీ, బోర్గో సాన్ లొరెంజోలకూ ఇదే సూత్రం.

కసనోవా దిగుడులో కుడి మలుపు. ఇక్కడ మీ కాలు అదుపులో ఉందో లేదో తేలిపోతుంది. దిగుడులో వెనక భాగం ముందే తేలిగ్గా ఉంటుంది, అక్కడ థ్రాటిల్ ఒక్కసారిగా వదిలితే నేరుగా కంకరలోకి. తిరగకముందే, తిన్నగా ఉన్నప్పుడే బ్రేక్ పని ముగించి, కొద్దిపాటి థ్రాటిల్‌తో దిగండి. తర్వాత సవెల్లీ ఎడమకి. అక్కడి నుంచి మళ్లీ ఎక్కుడు.

ఆ ఎక్కుడులో వచ్చేవి అరబియాత మొదటిదీ రెండోదీ, రెండూ కుడివైపువే. ముజెల్లో ల్యాప్‌లో ఎక్కువ సమయం దొరికేది నా లెక్కలో ఇక్కడే. ఎక్కుడులో ఎం3 వేగం పోగొట్టుకుంటే ఈ ఇంజిన్ దాన్ని తిరిగి తేలేదు. కాబట్టి సవెల్లీలో వేగంగా దూరే ఆశ వదులుకుని, అక్కడి నుంచి ముందుగా థ్రాటిల్ తెరవండి. అరబియాత ఒకటిలో వీలైనంత గుండ్రంగా, స్టీరింగ్ ఒక్కసారే తిప్పి, మళ్లీ సరిదిద్దకుండా వెళ్లండి. రెండోదాంట్లో మిట్ట దాటేదాకా బయటి అంచు కనిపించదు. ట్రాక్ పక్కన ఏదైనా గుర్తు పెట్టుకుని దాని ప్రకారం తిరగాల్సిందే, కనిపించాక తిరుగుదామంటే ఆలస్యమైపోతుంది.

స్కార్పెరియా, పలాజో గురించి పెద్దగా చెప్పేది లేదు. కొరెంతాయో పొడవాటి కుడి మలుపు, లోపలికి తొందరపడి వెళ్లినవాళ్లందరూ చివర్లో బయటికి తేలతారు, ఎపెక్స్ ఆలస్యంగా పట్టండి. బియొందెత్తీలో కర్బ్‌లను (ట్రాక్ అంచు గట్లను) మరీ ఎక్కకండి. చివరిది బుచినే, ఎడమకి. దాని తర్వాత కిలోమీటరు పైన స్ట్రెయిట్, కాబట్టి ఇక్కడ బయటపడే వేగం స్ట్రెయిట్ పొడవునా మీతోనే వస్తుంది. ల్యాప్ బాగా కుదిరిందని ఆశపడి బుచినేలో ముందుగా థ్రాటిల్ నొక్కేయడం మామూలుగా జరిగేదే. నొక్కకండి.

8. ఇప్పుడు సెటప్ తెరవండి

పోయిన చోటే వెతుక్కోవాలంటారు. ల్యాప్‌లో మీకు టైం ఎక్కడ పోతోందో తెలియకుండా స్ప్రింగ్‌లు మారిస్తే చీకట్లో చెయ్యి తిప్పడమే. ఘోస్ట్ కారును (మీ పాత ల్యాప్‌ను నడిపి చూపే నీడ కారును) ఆన్ చేసి, మీ మంచి ల్యాప్‌తో మీరే పోటీ పడండి. ఏ మలుపులో అది మిమ్మల్ని వదిలేస్తోందో, ఎక్కడ మీరు దాన్ని వదిలేస్తున్నారో చూడండి.

ఒకసారికి ఒకే మార్పు. మార్చాక కనీసం ఐదు ల్యాప్‌లు.

మొదట టైర్ ప్రెషర్. సెటప్‌లో మీరు పెట్టేది చల్లటి ప్రెషర్, నడిచాక అది పెరుగుతుంది. కాబట్టి ఐదారు ల్యాప్‌లు నడిపి, వేడి మీద ఎంతకొచ్చిందో చూసి, ఒక పీఎస్ఐ చొప్పున తగ్గించో పెంచో చూడండి. తర్వాత క్యాంబర్, అంటే టైరు నిలువు నుంచి లోపలికి వాలే కోణం. టైరు లోపలి అంచు బయటి అంచు కన్నా కొంచెం వేడిగా ఉండటం మంచిదే. బాగా ఎక్కువ తేడా ఉంటే క్యాంబర్ తగ్గించండి. బయటి అంచే వేడిగా ఉంటే పెంచండి.

తిరిగేటప్పుడు ముక్కు బయటికి పోతుంటే ముందు యాంటీ రోల్ బార్‌ను (మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని) ఓ మెట్టు మెత్తగా చేయండి. థ్రాటిల్ వేసినప్పుడు వెనక భాగం జారుతుంటే వెనక బార్‌ను మెత్తగా చేయండి. వేగమైన మలుపుల్లోనే వెనక భాగం వణుకుతూ, నెమ్మదిగా ఉన్నవాటిలో బాగుంటే అది బార్‌ల సమస్య కాదు, సెటప్‌లో వెనక రెక్క మార్చే వీలుంటే దాన్ని పెంచి చూడండి. డిఫరెన్షియల్ ప్రీలోడ్ (రెండు వెనక చక్రాలనూ కలిపి ఉంచే బిగువు) పెంచితే థ్రాటిల్ వదిలినప్పుడు వచ్చే జారుడు తగ్గుతుంది, దానికి బదులుగా తిరగడంలో కాస్త మొండితనం వస్తుంది. కొత్తవాళ్లకి ఆ బేరం లాభమే.

వేరేవాళ్ల సెటప్ దించుకుని వేసుకోవచ్చా? వేసుకోవచ్చు. కానీ ఒక్క ల్యాప్ టైం కోసం చేసిన సెటప్‌లు చాలా ఉంటాయి, అవి రెండో ల్యాప్ నుంచే వెనక టైర్లను తినేస్తాయి. డిఫాల్ట్ సెటప్‌తో పోల్చి, పది ల్యాప్‌ల తేడాలో ఏది తక్కువ ఉంటే అది ఉంచుకోండి.

9. రేసులోకి

మొదటి రేసు పదిహేను ల్యాప్‌ల లోపు పెట్టుకోండి. గేమే నడిపే ఏఐ కార్ల బలాన్ని మీరు గ్రిడ్ మధ్యలో ఉండేలా సర్దుకోండి. అందరూ ఎం3లోనే ఉండే రేసు మొదట మంచిది, అప్పుడు మీ తప్పు ఏదో, కారు తేడా ఏదో కలిసిపోవు. ఆ తర్వాత మెర్సిడెస్ 190ఈ ఎవో 2, ఆల్ఫా రోమియో 155 వీ6 మీ గ్యారేజీలో ఉంటే వాటినీ కలపండి. మొదటిది 1992లో క్లాస్ లుడ్విగ్‌కి డీటీఎం టైటిల్ తెచ్చిన కారు. రెండోది 1993లో నికోలా లారినీకి తెచ్చింది, నాలుగు చక్రాలూ తోస్తాయి, మలుపు నుంచి బయటపడటంలో ఎం3 దాన్ని అందుకోలేదు. ఆల్ఫాతో స్ట్రెయిట్‌లో పోటీ పెట్టుకోవడం దండగ. స్లిప్‌స్ట్రీమ్‌లో, అంటే గాలి ఒత్తిడి తగ్గేలా దాని వెనకే ఉండి, పొడవాటి మలుపుల్లో దగ్గరవుతూ, బ్రేకింగ్‌లో పక్కకి చేరండి.

స్టార్ట్‌లో వెనక చక్రాలు ఊరికే తిరిగితే ముగ్గురు దాటేస్తారు. ఆర్పీఎంను సగం పైన పట్టి, క్లచ్‌ను ఓ పద్ధతిగా వదలండి. మొదటి ల్యాప్‌లో బ్రేక్ ముందే వేయండి, ఎందుకంటే ముందున్న కార్లు కూడా అన్నీ ఒకేసారి ముందే వేస్తాయి. ఎవరైనా లోపలికి దూరితే వదిలేయండి. ఆ మలుపు బయటికి వచ్చేటప్పుడు వాళ్ల లైన్ చెడి ఉంటుంది, మీరు చక్కగా తిరిగి పక్కనే ఉంటారు.

10. ఇష్టముంటే నార్డ్‌ష్లైఫె

ఎం3 స్పా 24 గంటల రేసును 1987, 1988, 1990, 1992లలో గెలిచింది. 1989 నుంచి 1992 దాకా వరుసగా నూర్‌బర్గ్‌రింగ్ 24 గంటల రేసూ దానిదే. కాబట్టి ఈ కారు వచ్చాక ఎవరికైనా మనసు అటు లాగుతుంది. నార్డ్‌ష్లైఫె అంటే నూర్‌బర్గ్‌రింగ్‌లోని పాత, పొడవాటి ట్రాక్. అసెట్టో కోర్సాలో అది డ్రీమ్ ప్యాక్ 1 అనే అదనపు ప్యాక్‌తో వచ్చింది, 20.832 కిలోమీటర్లు.

మొత్తం ల్యాప్ ఒకేసారి నేర్చుకోవాలని చూడకండి. మొదట హాట్సెన్‌బాఖ్ దాకా, తర్వాత ఫ్లూగ్‌ప్లాట్స్, ఆపైన ఆడెనావ్ దిగుడు దాకా, ఇలా ముక్కలుగా చేసుకుని, ప్రతి ముక్కనూ ప్రమాదం లేకుండా నాలుగైదుసార్లు దాటాకే తర్వాతిది. ఫ్లూగ్‌ప్లాట్స్ మిట్ట మీద కారు గాలిలోకి లేస్తుంది, నేలకి దిగేటప్పుడు స్టీరింగ్ తిన్నగా ఉండాలి, అందుకే మిట్ట ఎక్కకముందే కారును దారిలో పెట్టేయాలి. కరుసెల్‌లో లోపలి కాంక్రీటు గట్టు మీదికి దిగేటప్పుడు సస్పెన్షన్ అడుగుకి తగులుతుంది, చక్రం చేతుల్లో కొట్టుకుంటుంది. అక్కడ స్టీరింగ్ కోణం పట్టుకుని ఉండండి, థ్రాటిల్ సగం దగ్గర నిలపండి, కాంక్రీటు దాటి తారు మీదికి రెండు వెనక చక్రాలూ ఎక్కాకే పూర్తిగా నొక్కండి.